మృగశిర దాకా ఉండే బాట

అటక మీద సామాను దించుతుంటే గోనెసంచిలోంచి ఒక జత తోలు చెప్పులు జారిపడ్డాయి. ఎండి చెక్కలా బిగుసుకుపోయాయి. అయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన ఇంకా ఉంది. ఆ వాసనకి తలకంటే ముందు కాలికి గుర్తొచ్చింది. ఉంగటం (బొటనవేలు దూర్చే తోలు పట్టీ) ఒరుసుకునే వేలి సందు, మడమ కింద నల్లరేగడి పెళ్ళలు చిట్లే చప్పుడు, నందిగామ చుట్టుపక్కల మున్నేరు అనే ఏటికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళ మధ్య ఎండాకాలపు నడక.

ఆ దారుల్ని ఇప్పుడు ఎవరికైనా చూపిద్దామన్నా చూపించలేం. తారు రోడ్డు కిందికి పోయాయని కాదు. అప్పట్లో కూడా అవి ఏడాదికి మూడు నెలలే ఉండేవి.

బాట పడటం

వానాకాలంలో పక్క ఊరికి వెళ్ళాలంటే డొంక పట్టుకోవాలి. రెండు వైపులా కంచె, నడుమ ఒక బండి పట్టేంత చోటు. దీన్నే గోదావరి వాళ్ళు పుంత అంటారు. ఎవరి చేనూ తొక్కకూడదు కాబట్టి డొంక పొలాల హద్దుల వెంట మెలికలు తిరుగుతూ, చెరువు కట్టని చుట్టుకుని, వాగు దగ్గర రేవు వెతుక్కుంటూ పోతుంది. అలా పోతే రెండు కోసులు (కోసంటే సుమారు రెండు మైళ్ళు). వేసవిలో అదే ఊరు ఒకటిన్నర కోసు. పత్తి కంప పీకేశారు, మిరప ఆఖరి కోత అయిపోయింది, జొన్న చొప్ప దొడ్లోకి చేరింది. చేలు ఖాళీ. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి పొలాలకి అడ్డంగా సన్నటి గీత ఒకటి మొదలయ్యేది.

మొదట పశువులు, వాటి వెనక కాపరులు, ఆ తర్వాత మనుషులు. నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, ముడుచుకున్న మేర నెర్రెలు విచ్చుతుంది. మే నెల వచ్చేసరికి కొన్ని నెర్రెల్లో మోచేతి దాకా చెయ్యి పట్టేది. పశువు కాలు దిగబడితే విరిగేది కూడా. బాట మీద మాత్రం నెర్రె కనపడదు. నడిచే కాళ్ళు పెళ్ళల అంచుల్ని చిదిపి, పొడి చేసి, ఆ పొడిని నెర్రెల్లోకి దించుతాయి. పదిహేను ఇరవై రోజులకి జానెడున్నర వెడల్పున నున్నటి పట్టీ తేలుతుంది. చుట్టూ నేల నల్లగా ఉంటే బాట బూడిద రంగులో ఉంటుంది. వెన్నెల్లో ఆ తేడా ఇంకా బాగా తెలిసేది. అందుకే రాత్రి నడకకి లాంతరు ఉన్నా వత్తి బాగా తగ్గించి పట్టుకునేవాళ్ళు. లాంతరు వెలుగు రెండడుగుల మేర బాగానే చూపిస్తుంది గాని, ఆ వెలుతురు కళ్ళల్లో పడితే దూరాన పోయే తెల్లటి గీత మాయమైపోతుంది.

ఖాళీ పొలం కదా, బాట గీత గీసినట్టు పోతుందనుకోకండి. ఎక్కడో చేను మధ్యలో ఉత్తి పుణ్యానికే వంపు తిరుగుతుంది. చైత్రంలో అక్కడ జొన్న చొప్ప కుప్ప వేసి ఉంటారు, మొదటివాళ్ళు దాన్ని చుట్టి నడిచారు. కుప్పని బండ్లకెత్తి తోలుకెళ్ళి నెలయినా వంపు అలాగే ఉంటుంది. అక్కడేమీ లేదని తెలిసీ అందరూ చుట్టే తిరిగేవాళ్ళు. తిన్నగా పోబోయిన కుర్రాళ్ళకి వెంటనే తెలిసొచ్చేది, బాట దిగితే జొన్న మోళ్ళు ఉంటాయని.

మోళ్ళలో నడవడానికి ఒక పద్ధతి ఉంది. కొడవలితో ఏటవాలుగా కోసిన మోడు ఎండితే మేకుతో సమానం. అడుగు పైకెత్తి వేస్తే అరికాల్లో దిగుతుంది, పలచబడ్డ హవాయి చెప్పయితే దాన్ని కూడా పొడుచుకుని వస్తుంది. పాదాన్ని నేలకి దగ్గరగా పెట్టి ముందుకి తోసుకుంటూ పోవాలి. అప్పుడు మోళ్ళు పక్కకి ఒరుగుతాయి. చూసేవాళ్ళకి నీళ్ళలో నడుస్తున్నట్టుంటుంది. పత్తి కంప పీకకుండా నరికేసిన చేనైతే ఈ పద్ధతీ పనికిరాదు, కంప మోడు ఒరగదు. చుట్టూ తిరిగి పోవడమే.

ఎండిన చెరువులో అడ్డం పడి పోవడం ఇంకో దగ్గర దారి. అక్కడ మోసం ఉంది. బీటలు వెడల్పుగా వేసి, పెంకులు అంచుల దగ్గర పైకి లేచి ఉంటే నేల గట్టిపడినట్టు. బీట లేకుండా నున్నగా, కాస్త నిగనిగలాడుతూ కనిపిస్తే పైన వేలెడు పొరే ఎండింది, కింద బురద అలాగే ఉంది. తూము దగ్గర లోతు ఎక్కువ కాబట్టి అక్కడ ఇలా ఉండేది. గేదె గిట్టల గుంటల్లో తడి మెరుస్తుందేమో చూసి అడుగు వేయమనేవాళ్ళు. తొందరపడి మోకాలి దాకా దిగినవాళ్ళకి కాలు బయటికొస్తుంది గాని చెప్పు రాదు.

చెప్పులు, ముళ్ళు

తోలు చెప్పులకి ఆముదం పట్టించడం వేసవి ముందు పని. చెప్పుల్ని కాసేపు ఎండలో పెట్టి, వెచ్చబడ్డాక గుడ్డముక్కతో ఆముదం రుద్ది, రాత్రంతా వదిలేసి, పొద్దున పొడిగుడ్డతో తుడవాలి. తుడవకపోతే దుమ్మంతా దానికే అంటి అట్టకడుతుంది, పాదం జారుతుంది. ఎక్కువ పడితే తోలు మెత్తబడి కుట్లు సాగుతాయి. అసలు పట్టించకపోతే ఉంగటం గట్టిపడి వేలు కోసేస్తుంది. కొత్త చెప్పులతో దూరం పోకూడదని అందరికీ తెలుసు, అయినా పెళ్ళికి పోయేవాళ్ళు కొత్తవే తొడిగేవాళ్ళు. అందుకే ఆ దారుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని, ఊరి పొలిమేరలో కాళ్ళు కడిగి తొడుక్కునే మనుషులు ఎక్కువగా కనిపించేవారు.

దారిలో ఉంగటం తెగితే తాటి మట్ట నుంచి నార చీల్చి ముడేసేవాళ్ళు. పచ్చి మట్ట నారే పనికొస్తుంది, ఎండినది మెలితిప్పగానే తెగుతుంది. హవాయి చెప్పు బొడిపె ఊడి పైకొస్తే దాన్ని మళ్ళీ కిందికి లాగి, అడుగు వైపున పిన్నీసు అడ్డంగా గుచ్చాలి. ఆడవాళ్ళ గాజులకి వేలాడే నాలుగు పిన్నీసులు ఎన్ని ప్రయాణాలు గట్టెక్కించాయో.

నల్లతుమ్మ ముల్లు తిన్నగా, తెల్లగా, వేలెడు పొడుగుంటుంది. చెప్పులో దిగిందంటే అడుగడుక్కీ గుచ్చుతుంది. దాన్ని అడుగు వైపు నుంచే పట్టి లాగాలి. పై నుంచి విరిచేస్తే మొన లోపలే ఉండిపోయి, రెండు రోజుల తర్వాత అరిగిన చోటునుంచి మళ్ళీ పైకి తేలుతుంది. రేగు ముల్లు సంగతి వేరు. జంటలో ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా వంగి ఉంటాయి. పంచె అంచు తగులుకుంటే ముందుకి లాగితే చిరుగుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తే దానంతటదే వదులుతుంది. కాల్లో విరిగిన ముల్లుకి జిల్లేడు పాలు పోయడం పెద్దల వైద్యం. ఆ పాలు చేతికంటి ఉండగా కళ్ళు నులుముకుంటే మాత్రం ముల్లు బాధే నయం అనిపిస్తుంది.

ఎప్పుడు బయల్దేరాలి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 7 దాకా ఉండే ఆ రెండు వారాల్లో మధ్యాహ్నం దారి మీద కనపడే మనిషంటే చావు కబురు మోసుకెళ్ళేవాడో, మంత్రసాని కోసం పరిగెత్తేవాడో. రేడియోలో ప్రాంతీయ వార్తలు చివరికొచ్చేసరికి రెంటచింతల ఎండ ఎంతో చెప్పేవారు. అది విని, అక్కడికంటే మనం నయమేలే అనుకోవడం ఒక ఊరట.

తొలికోడి కూయగానే లేచి, రెండో కూతకి ఊరు దాటాలి. మే నెలలో సూర్యుడు ఐదున్నర దాటగానే పైకొచ్చేస్తాడు. మామూలు మనిషి గంటకి నాలుగున్నర, ఐదు కిలోమీటర్లు నడుస్తాడు. పిల్లలూ మూటలూ ఉంటే మూడున్నర. ఈ లెక్కన మూడు కోసుల ఊరికి మూడు గంటలు. పొద్దు బారెడెక్కేలోపు చేరాలంటే చీకటితో కదలాల్సిందే. తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదు దాటాకే. చాలామంది చేసే పొరపాటు నాలుగింటికి బయల్దేరడం. ఎండ వాలినట్టే ఉంటుంది గాని నేల పొద్దుటి నుంచి తాగిన వేడిని అప్పుడే వదులుతుంటుంది. తలమీద కంటే మోకాళ్ళ దగ్గరే సెగ ఎక్కువ.

నీడ గురించి ఒక విషయం నడిచేవాళ్ళు గమనించేవారు, కారణం ఎవరూ చెప్పేవారు కాదు. మే రెండో వారానికి కాస్త ముందు నందిగామ వైపు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు నిలువు గుంజకి నీడే ఉండదు. ఆ తర్వాత సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ మధ్యాహ్నం నీడ ఉత్తరానికే. మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి నడినెత్తికి వచ్చాక పాత పద్ధతిలో పడుతుంది. రోహిణిలో మధ్యాహ్నం మనిషి నీడ జానెడైనా ఉండదు. కాబట్టి ఆ వేళ చెట్టు నీడ చెట్టు కిందే. తాడి చెట్టయితే మొదలు చుట్టూ పళ్ళెమంత గుండ్రటి నీడ, అందులో ఒక మనిషి గొంతుక్కూర్చోవచ్చు. అదే తాడి ఎనిమిదింటికి పొడవాటి పట్టీలా నీడ పరుస్తుంది, నలుగురు వరసగా కూర్చోవచ్చు, కాకపోతే పది నిమిషాలకోసారి జరగాలి.

నీడల్లో కానుగ నీడది మొదటి పీట. వేసవి మొదట్లోనే కొత్తాకు వేసి, మే నాటికి చిక్కగా ఉంటుంది. వేప తర్వాత. తుమ్మ నీడ జల్లెడ. రావి కింద కూర్చుంటే గాలి లేదనుకున్నప్పుడు కూడా ఆకులు కదిలి వాన పడుతున్న చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడుకే సగం అలసట తీరేది.

మోసుకెళ్ళేవి

నీళ్ళకి సొరకాయ బుర్ర. తయారీ సులువే గాని ఓపిక కావాలి. కాయని తీగ మీదే ముదరనిచ్చి, గోరు దిగనంత గట్టిపడ్డాక కోసి నీడలో ఆరబెట్టాలి. గింజలు లోపల గలగలమన్నాక మెడ దగ్గర రూపాయంత రంధ్రం చేసి, నీళ్ళు పోసి నాలుగైదు రోజులు వదిలేస్తే లోపలి గుజ్జు కుళ్ళి వదులవుతుంది. గులకరాళ్ళు వేసి ఆడించి కడగాలి. చేదు పోయేదాకా రోజూ నీళ్ళు మార్చాలి, ఇది సాధారణంగా వారం పని. లేత కాయతో చేస్తే ఎండేటప్పుడు సొట్టబోతుంది. బుర్రకి ఉట్టిలా తాడల్లి భుజానికి తగిలిస్తే నడకలో చేతులు ఖాళీ. కలిగినవాళ్ళకి ఇత్తడి మరచెంబు. మూత మర తిప్పితే చుక్క కారదు, కాని అందులో మజ్జిగ పోయకూడదు. లోపలి కళాయి అరిగిన చోట పులుపు తగిలి చిలుము పడుతుంది, తాగినవాడికి దారిలోనే వాంతులు.

అన్నం మూట విషయంలో ఆడవాళ్ళ లెక్క నిక్కచ్చిగా ఉండేది. మధ్యాహ్నానికి తినే పెరుగన్నంలో పెరుగు కలపరు. మెత్తగా వండిన అన్నం చల్లారాక కాచిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు మాత్రం తోడేస్తారు. చీకటితో కలిపితే పదకొండింటికి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. పెరుగే కలిపితే ఆ ఎండకి పది కాకుండానే పులిసి పొంగుతుంది. ఉప్పు తినేముందు వేసుకునేవాళ్ళు. పక్కన ఉల్లిపాయ, ఆవకాయ బద్ద. ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదని నమ్మేవాళ్ళు చాలామంది. జేబులో ఉన్న ఉల్లిపాయ ఎవరికీ ఏమీ చేయదు. అన్నంలో కొరుక్కుంటే ఇంకో ముద్ద దిగేది, అంతవరకు మేలే.

మున్నేరు దాటడం

వేసవిలో మున్నేరంటే ఇసుకే, ఎక్కడో ఒక పాయలో సన్నటి పారకం. ఇసుకలో వేసిన ప్రతి అడుగూ కొంత వెనక్కి జారుతుంది. గట్టి నేల మీద పది నిమిషాల దూరానికి అక్కడ ఇరవై. నడకకి అనువైన చోట్లు వెతుక్కోవాలి. వరద తీసినప్పుడు మిగిలిన ఒండ్రు పెంకు మీద, తడి ఉన్న అంచు వెంట కాలు దిగబడదు. పుచ్చ, దోస పాదులు పెట్టిన చోట తీగ తొక్కకుండా దాటాలి. కాపలా గుడిసెలో మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు గాని తీగ మీద కాలు పడితే కేక వినిపిస్తుంది.

దాహం వేస్తే చెలమ తియ్యాలి. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే చేతులు నొప్పి పుట్టడమే. ఏరు మలుపు తిరిగే చోట బయటి గట్టు వైపు లోతు ఎక్కువ, నీళ్ళు ఆఖరిదాకా ఆ పక్కనే ఉంటాయి. తుంగ పచ్చగా ఉన్న చోటు ఇంకా నమ్మకం. పశువులు తాగే మడుగుకీ, చాకిరేవుకీ ఎగువన ఉండాలి. ముందుగా పొడి ఇసుకని రెండు చేతులూ చాచినంత వెడల్పున పక్కకి తోసెయ్యాలి. చిన్న గుంట తవ్వుదామనుకుంటే పొడి ఇసుక జారి పూడ్చేస్తూనే ఉంటుంది. మూరెడు లోతుకి ఇసుక రంగు మారి చల్లగా తగులుతుంది. ఇంకో జానెడు పోతే అడుగున చెమర్చి, మెల్లగా నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు బూడిద రంగులో ఉంటాయి. కొబ్బరి చిప్పతో మూడుసార్లు తోడి బయట పొయ్యాలి. గట్టున కాదు, దూరంగా, లేకపోతే మళ్ళీ గుంటలోకే జారుతుంది. నాలుగోసారి ఊరిన నీళ్ళు తేరుకుని అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత స్వచ్ఛంగా ఉంటాయి. అడుక్కి తగలకుండా చిప్ప పక్కవాటంగా ముంచాలి. ఆ చల్లదనం ఇసుక లోతుది. పైన కాలు పెట్టలేనంత వేడి, మూరెడు కింద మంచు ముద్ద.

చెలమని పూడ్చి పోయేవాళ్ళు కారు. వెనక వచ్చేవాళ్ళకి గుర్తుగా ఒక కంప గుచ్చి పోయేవాళ్ళు.

చలివేంద్రం, దిగుడుబావి

ఏరు దాటాక పెద్ద రోడ్డు తగిలే చోట తాటాకు పందిరి, దాని కింద తడి ఇసుక దిబ్బ, ఇసుకలో సగం పాతిన నాలుగైదు కుండలు. కొత్త కుండని వాడకముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. మట్టి రంధ్రాల్లోంచి నీరు బయటికి చెమర్చి, ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే కుండ మీద తడి ఉంటేనే నీళ్ళు చల్లన. ఒకటి రెండు వేసవులు గడిస్తే నీళ్ళలోని ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి, కుండ చెమర్చదు, నీళ్ళు చల్లబడవు. బందరు వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అదే కుండ అక్కడ అంత పని చేయదు. మెట్ట ప్రాంతపు పొడిగాలిలో వట్టివేళ్ళు వేసిన కుండ నీళ్ళకి సాటి లేదు. ముందు చిన్న బెల్లం ముక్క పెట్టి, అది నమిలాకే నీళ్ళు పోసేవాళ్ళు.

పోసే తీరు అందరికీ ఒకటి కాదు. కొందరి చేతికి చెంబు వచ్చేది, కొందరికి ఎత్తు నుంచి దోసిట్లోకి ధార పడేది. కొందరు పందిరి బయటే నిలబడి, వెదురు దోనెలోంచి పారే నీళ్ళకి దోసిలి పట్టాల్సి వచ్చేది. అంటరానితనం నేరమని 1955లో చట్టం వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఆ దోనెలు పందిరి గుంజలకి వేలాడుతూనే ఉన్నాయి. చలివేంద్రం గురించి తలచుకునేవాళ్ళు బెల్లం ముక్క దగ్గరే ఆగిపోతుంటారు.

దిగుడుబావుల సంగతీ అంతే. మెట్లు దిగి, నీళ్ళలో పాదాలు పెట్టి, దోసిళ్ళతో తాగడం ఎంత హాయో, నారికురుపు వచ్చిన దారీ అదే. కాలి పుండులోంచి పురుగు తల బయటపెట్టిన మనిషి మంటకి తాళలేక నీళ్ళలో కాలు పెడతాడు. పురుగు అక్కడ పిల్లల్ని వదులుతుంది. వాటిని కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు మింగుతాయి, ఆ నీళ్ళు తాగినవాడికి సుమారు ఏడాదికి కాలి నుంచి మూరెడు పైబడి పొడుగున్న పురుగు బయటికొస్తుంది. పుల్లకి చుట్టి రోజుకి కాస్త చొప్పున లాగేవాళ్ళు. తెగితే వాపు, చీము, నెలల తరబడి మంచం. పెద్దవాళ్ళు పంచె కొంగు నాలుగు మడతలేసి నీళ్ళు వడగట్టి తాగమనేది ఇందుకే. గుడ్డ దాటి ఆ నీటిపురుగు రాలేదు. తర్వాత మెట్లు మూసి, గట్టు కట్టి, చేదతో తోడే బావులుగా మార్చారు. దేశంలో ఆఖరి నారికురుపు కేసు 1996లో రాజస్థాన్‌లో కనబడింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఈ జబ్బు లేదని ప్రకటించింది. ఆ తరం కాళ్ళ మీద చీలమండ దగ్గర మచ్చలు మాత్రం ఉండిపోయాయి.

నలుగురు నడిస్తే

బాట ఒక్కరికే పడుతుంది, అందుకని వరసలో నడవాలి. ముందు దారి తెలిసిన మనిషి, చేతిలో కర్ర. నడుమ పిల్లలు. కబుర్లు చెప్పేవాళ్ళు చివర. ముందున్నవాడు మాట్లాడితే మాట గాలికి పోతుంది, వెనకనుంచి చెబితే వరసంతా వింటుంది. పెళ్ళికూతురి పుట్టింటి సంగతులూ, పొలం తగాదాలూ, దయ్యాల కథలూ అన్నీ వెనకనుంచే వచ్చేవి. గట్టు మీద ఎదురుపడితే మూట లేనివాడు చేలోకి దిగాలి. కావడివాడికైతే ఎవరైనా దిగాలి. కావడి బద్ద అడుగుకి తగ్గట్టు ఊగుతుంది, ఆగితే ఆ ఊపు చెడి రెండు బుట్టలూ గింగిరాలు తిరుగుతాయి.

చేలో గొర్రు బాగుచేసుకుంటున్న మనిషి తలెత్తకుండానే కేకేసేవాడు.

"ఎవరూ, ఏ ఊరోళ్ళు?"

ఊరు చెబితే చాలదు. "ఎవరింటికెళ్తన్నారు?"

ఇంటిపేరు చెప్పాక ఒక క్షణం ఆగి, "మా పెదనాయన వియ్యంకుడే ఆయన. ఎండెక్కుతంది, కాసిని మంచినీళ్ళు తాగి పొండి" అనేవాడు.

"ఇంకెంత దూరం బాబాయ్?" అనడిగితే వచ్చే జవాబుని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు. "ఎంతో లేదు, కూతవేటే. ఆ జంట తాడిచెట్లు దాటితే చెరువు కట్ట, కట్ట దిగితే ఊరే." కూతవేటంటే ఎంత లేదన్నా మైలు. చుట్ట కాల్చేంత సేపంటే అరగంట. ఆమడంటే నాలుగు కోసులు, అంటే ఎనిమిది మైళ్ళకి అటూ ఇటూ. పెద్ద రోడ్డు మీదయితే మైలురాళ్ళ నడుమ ఫర్లాంగు రాళ్ళుండేవి, మైలుకి ఎనిమిది ఫర్లాంగులు, పిల్లలకి లెక్క నేర్పడానికి ఆ రాళ్ళే. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలొచ్చి రాళ్ళ మీద అంకెలు మారాక కూడా ముసలివాళ్ళు కోసులోనే చెప్పారు. ఇప్పుడు పల్లె రోడ్ల మీద నారింజ రంగు తల ఉన్న కిలోమీటరు రాళ్ళు కనిపిస్తాయి. అవి డొంక దారిని పట్టుకునే పోతాయి, వేసవి బాటని కాదు.

వరసలో ఎవరైనా మాట్లాడటం మానేస్తే చివరివాడు గమనించాలి. వడదెబ్బ తగులుతుంటే మనిషి చిరాకు పడతాడు, తలనొప్పంటాడు, మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. ఒళ్ళు కాలిపోతూ చెమట ఆగిపోతే ఇక ఆలస్యం చేయకూడదు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జలు ముందు తడపాలి. తెలివిలో లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యడం చాలామంది చేసే పెద్ద తప్పు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడుపుతూనే బండి కట్టించి ఆసుపత్రికి తోలుకెళ్ళాలి. పిక్కలు పట్టేయడం దానికంటే చిన్న సంగతి. చెమటతో ఉప్పు పోయి, ఒట్టి నీళ్ళే తాగినవాడికి వస్తుంది. చెంబుడు పలచటి మజ్జిగలో రెండు వేళ్ళతో పట్టినంత ఉప్పేసి ఇస్తే కాసేపట్లో లేచి నడిచేవాడు.

సాయంత్రం మబ్బు కమ్మి గాలి దుమారం లేస్తే అందరి కాళ్ళూ తాటిచెట్ల వైపు పరుగెత్తబోతాయి. అది చేయకూడని పని. ఖాళీ చేలల్లో పిడుగుకి అందరికంటే ముందు అందేది ఒంటి తాడే. తల మాడిపోయి మొండిగా నిలబడ్డ తాళ్ళు దారికి ఒకటో రెండో ఉండేవి, గుర్తు చెప్పడానికి కూడా వాటినే వాడేవాళ్ళు.

మృగశిర

జూన్ 8 ప్రాంతంలో మృగశిర. నాలుగు వానలు పడి నేల పదునెక్కగానే నాగళ్ళు దిగుతాయి. బాట ఒక్క పూటలో మాయం. అయినా ఒకటి రెండు రోజులు మనుషులు చాళ్ళ మీదుగానే, అదే గీత ఊహించుకుంటూ నడిచేవాళ్ళు, రైతు కేకలేసేదాకా. తర్వాత ఎవరికి వాళ్ళు మళ్ళీ డొంక పట్టేవాళ్ళు. ఇప్పుడు రోడ్డు పడని డొంకల్ని సర్కారు తుమ్మ కమ్మేసింది, మనిషి దూరడానికి లేదు.

దున్నేవాడికి బాట ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలిసేది. అక్కడికి రాగానే నాగలి పైకి తేలుతుంది, ఎద్దుల మెడలు బిగుస్తాయి. మూడు నెలలు తొక్కిన నేల కదా, పెళ్ళలు పలకల్లా లేస్తాయి. ఇంకో సాలు అడ్డంగా తోలినా మెత్తబడదు. పత్తి విత్తాక ఆ జానెడున్నర మేర మొలక వెనకబడేది. శ్రావణంలో చెరువు కట్టెక్కి చూస్తే, మోకాలెత్తు పచ్చటి చేలో పొట్టిగా, కాస్త పసుపుగా ఒక సన్నటి గీత ఆ ఊరి వైపు పోతూ కనపడేది. జొన్న కుప్ప దగ్గరి వంపుతో సహా.